ఆర్కేనమ్ మొదలుపెట్టాను: వర్జిల్ వైద్య మంత్రం నా మీద ఎందుకు పని చేయడం లేదు?

కొత్త_మేస్త్రి (కూకట్‌పల్లి), శుక్రవారం రాత్రి 11.40

అందరికీ నమస్కారం. ఈ వేదికను చాలాకాలంగా చదువుతున్నాను కానీ, రాయడం ఇదే మొదటిసారి. పోయిన వారం ఆర్కేనమ్ అనే కంప్యూటర్ ఆట కొన్నాను. 2001 నాటి ఆట కదా, ఒక గంట చూసి వదిలేస్తానేమో అనుకున్నాను. ఇప్పుడు రోజూ ఆఫీసు నుంచి వచ్చి, భోజనం పక్కన పెట్టుకుని మరీ ఆడుతున్నాను. జెఫిర్ అనే ఆకాశనౌక కొండల్లో కూలిపోవడం, శిథిలాల కింద ప్రాణం వదులుతున్న ముసలాయన నా చేతిలో ఉంగరం పెట్టడం, ఆ వెంటనే వర్జిల్ అనే అతను పరుగెత్తుకు వచ్చి నన్ను ఎవరో మహాత్ముడి పునర్జన్మగా పొరబడి నాకు తోడుగా నడవడం... ఇంత చక్కటి ప్రారంభం ఈ మధ్య ఏ ఆటలోనూ చూడలేదు.

సమస్య ఇది. నేను మనిషి పాత్ర తీసుకుని తుపాకుల తయారీ నేర్చుకుంటున్నాను. ష్రౌడెడ్ హిల్స్ ఊళ్లో ఉన్నప్పుడు వర్జిల్ మంత్రం వేస్తే గాయాలు బాగానే మానేవి. ఇప్పుడు తొమ్మిదో లెవెల్‌కు వచ్చాను. అతను అలసిపోయేదాకా మంత్రం వేస్తున్నా నాకు మానేది అంతంత మాత్రమే. మా వెంట ఉన్న కుక్కకు మాత్రం చక్కగా మానుతోంది! ఆటలో లోపమా? మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా?

మల్కాజిగిరి_మాంత్రికుడు, శుక్రవారం రాత్రి 11.58

తమ్ముడూ, మళ్లీ ఇన్‌స్టాల్ చేయకు. అది లోపం కాదు, ఈ ఆటకు ప్రాణమే అది.

నీ పాత్ర వివరాల పేజీ తెరిచి మీటర్ చూడు. ఒక చివర మంత్రం, మరో చివర సాంకేతికం. నువ్వు తుపాకుల విద్యలో పెట్టిన ప్రతి పాయింటూ ఆ ముల్లును యంత్రాల వైపు జరుపుతుంది. అటువైపు 100 దాకా పోవచ్చు, ఇటువైపు 100 దాకా రావచ్చు. యంత్రాల వైపు ఎంత దూరం జరిగితే మంత్రం నీ ఒంటి మీద అంత బలహీనపడుతుంది. శత్రువు వేసిన మంత్రమైనా అంతే, స్నేహితుడు వేసిన మంత్రమైనా అంతే. వర్జిల్ ప్రేమతో వేస్తున్నాడని మీటర్ వినదు. కుక్క ఏ విద్యా నేర్వలేదు కాబట్టి దానికి పూర్తిగా పని చేస్తోంది.

"మంత్రాలకు చింతకాయలు రాలవు" అంటారు కదా. ఈ ఆటలో మంత్రాలకు చింతకాయలు రాలతాయి. చెట్టు కింద ఇంజనీరు నిలబడితే మాత్రం రాలవు.

అమీర్‌పేట్_అన్వర్, శనివారం ఉదయం 7.15

మేస్త్రీ, ముందు నీ ప్రాణం నిలబెట్టుకునే దారి చెబుతాను, సిద్ధాంతం తర్వాత.

మూలికల విద్యలో ఒక్క పాయింటు పెట్టు. జింకా వేరు, కడూరా కాడ కలిపితే గాయాలకు లేపనం తయారవుతుంది. ఆ రెండూ అడవిలో, దుకాణాల్లో విరివిగా దొరుకుతాయి. నువ్వు యంత్రాల మనిషివి కాబట్టి వర్జిల్ మీద ఆశ తగ్గించుకుని సంచిలో ఇరవై లేపనాలు పెట్టుకో. తర్వాత డెర్న్‌హోమ్ నగరానికి వెళ్లినప్పుడు జేనా స్టైల్స్ అనే అమ్మాయి కలుస్తుంది. వైద్యం, మూలికలు తెలిసిన మనిషి. ఆ పాతబడిన రాజ్యం వదిలి టారంట్ అనే యంత్రాల మహానగరానికి వెళ్లి చదువుకోవాలని ఆమె కోరిక. వెంట తీసుకెళ్లు. నీలాంటివాడికి ఆమె చేసే మేలు ఇంకెవరూ చేయలేరు.

ఇంకో సంగతి. త్వరలో బ్లాక్ మౌంటెన్ గనులకు వెళ్తావు. 2002లో అమీర్‌పేట్‌లో ఒక నెట్ సెంటర్‌లో గంటకు ఇంత అని కట్టి ఆడేవాళ్లం. ఆ గనుల దగ్గర నేను రెండు నెలలు ఆగిపోయాను. అక్కడి ఖనిజపు గోలెమ్‌లను, అంటే ప్రాణం వచ్చి నడిచే రాతిబొమ్మలను, కత్తితో కొడితే కత్తే అరిగి విరిగిపోతుంది. వాటికి తుపాకి గుండ్లు, పేలుడు పదార్థాలే సరి. కత్తిని నమ్ముకుని ఆ చీకట్లోకి దిగకు.

కొత్త_మేస్త్రి, శనివారం మధ్యాహ్నం 1.05

అన్వర్ భాయ్, చాలా థాంక్స్. లేపనం చేశాను, పని చేసింది! ఇప్పుడు ఇంకో సందేహం. టారంట్‌లో రైల్వే స్టేషన్ చూశాను. శక్తిమంతులైన మాంత్రికులకు టికెట్ ఇవ్వరని ఎక్కడో చదివాను. నిజమేనా? అది వివక్ష కాదా?

ఆవిరిబండి_మనవడు (లాలాగూడ), శనివారం సాయంత్రం 6.30

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. దీనికి జవాబు కొంచెం పొడవుగానే రాస్తాను.

నిజమే, ఇవ్వరు. ఎందుకు ఇవ్వరో నాకు ఆట చెప్పకముందే మా తాతయ్య చెప్పారు. ఆయన రైల్వేలో బాయిలర్ పని చేసి రిటైరైన మనిషి. నిజాం కాలంలో 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. మా ఇంట్లో నాలుగు తరాలు ఆ పట్టాల పక్కనే బతికాయి. తాతయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బాయిలర్ బొమ్మ నేల మీద సుద్దముక్కతో గీసేవారు. నిప్పు ఇక్కడ, నీళ్లు ఇక్కడ, ఆవిరి ఇక్కడ. డ్రైవర్ ముందు నిలువుగా ఒక గాజు గొట్టం ఉంటుంది. లోపల నీళ్లు ఎంత ఎత్తులో ఉన్నాయో అందులో కనిపిస్తుంది. బండి కదులుతుంటే ఆ నీటి మట్టం పైకీ కిందకీ ఊగుతూ ఉంటుంది. ఆ ఊపులో అసలు మట్టం ఎక్కడుందో పట్టుకోవడమే పనితనం అనేవారు. గాజు అడుగుకు నీళ్లు దిగిపోతే నిప్పు మీదున్న లోహపు రేకు బయటపడి మెత్తబడుతుంది. ఇక ఆపడం ఎవరి తరం కాదు. ఒక లీటరు నీళ్లు ఆవిరైతే మామూలు పీడనం దగ్గర సుమారు 1,600 లీటర్లకు పైగా చోటు కావాలి. అంతటిదాన్ని ఇనుప పొట్టలో బిగించి పెడతాం.

ఇప్పుడు ఆట చెప్పే మాట విను. యంత్రం ప్రకృతి నియమాన్ని నమ్ముకుని నడుస్తుంది. నీళ్లు ఈ వేడికి మరగాలి, ఉక్కు ఇంత బలానికి ఆగాలి, పిస్టన్ ఇటు కదిలితే చక్రం అటు తిరగాలి. మాంత్రికుడు ఆ నియమాన్నే వంచుతాడు. అది అతని విద్య. అతను కావాలని చేయనక్కర్లేదు, బలం పెరిగేకొద్దీ చుట్టూ ఉన్న నియమాలు వాటంతట అవే సడలుతాయి. అలాంటివాణ్ణి ఇంజన్ వెనకాల పెట్టెలో కూర్చోబెడితే ఆ గాజు గొట్టంలో కనిపించే మట్టం నిజమని ఎవరు చెప్పాలి? సేఫ్టీ వాల్వు సమయానికి తెరుచుకుంటుందని ఎవరు చెప్పాలి? స్టేషన్ గుమస్తా టికెట్ ఇవ్వకపోవడం ద్వేషంతో కాదు. అతనికి రైలు నిండా జనం ఉన్నారు.

నేను చాలా ఆటలు ఆడాను. వాటిలో మంత్రదండం, తుపాకి రెండూ రెండు రంగుల ఆయుధాలే. ఆర్కేనమ్ ఒక్కటే ఆ రెండింటినీ ఒకే గదిలో ఉండనివ్వలేదు.

చింతచెట్టు_నీడ (ఉప్పల్), శనివారం రాత్రి 9.10

చాలా బాగా రాశారు మనవడు గారూ. నాకు మాత్రం ఈ ఆట చేసిన విభజన మీదే అభ్యంతరం ఉంది.

మన భాషలో యంత్రం అనే మాటను చూడండి. లేత్ మిషన్ యంత్రమే, గుమ్మానికి మేకు కొట్టి తగిలించే రాగిరేకు కూడా యంత్రమే. మంత్ర, తంత్ర, యంత్రాలని ఒక్క ఊపిరిలో అంటాం. దసరాకు ఆయుధ పూజ చేసేటప్పుడు స్కూటర్‌కు, కుట్టుమిషన్‌కు, కంప్యూటర్‌కు కూడా బొట్టు పెడతాం. మన ఇళ్లలో మంత్రమూ యంత్రమూ కొట్టుకోలేదు. ఆ పోటీ విక్టోరియా కాలపు ఇంగ్లండ్‌ను తలుచుకుంటూ అల్లిన కథలోది. అందుకే నేను ఎల్ఫ్ అనే వనవాసి జాతి పాత్రతో కొంచెం మంత్రం, కొంచెం విద్యుత్తు నేర్చుకుని ఆడాను. ఫలితం? రెండూ సగం సగమే. మధ్యలో నిలబడ్డవాడిని ఆట పట్టించుకోదు. లెవెల్‌కు ఒకటో రెండో పాయింట్లు చేతిలో పెడుతుంది, యాభైతో లెవెల్స్ ఆపేస్తుంది. మంత్రాల్లో పదహారు శాఖలు, ఒక్కో శాఖకు అయిదు మంత్రాలు, మొత్తం ఎనభై. సాంకేతిక విద్యలు ఎనిమిది, ఒక్కో దాంట్లో ఏడు మెట్లు. ఇంత విందు వడ్డించి, ఒక పక్క విస్తరి మాత్రమే ముట్టుకో అంటే ఎలా?

మల్కాజిగిరి_మాంత్రికుడు, శనివారం రాత్రి 9.32

యంత్రం మాట గురించి మీరు చెప్పింది అద్భుతంగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ మధ్యలో ఉన్నవాడికి చోటు లేదంటే ఒప్పుకోను. మీటర్ మధ్యలో ఉంచుకుని కత్తి, మాటకారితనం, దొంగతనం మీద పాయింట్లు పెడితే హాయిగా ఆట పూర్తి చేయవచ్చు. ఆ విద్యలు ముల్లును ఎటూ జరపవు. మధ్యలో నిలబడటం తప్పు కాదు. రెండు చివరలనూ ఒకేసారి పట్టుకోవాలనుకుంటేనే నష్టం.

వయొలిన్_వాణి (మారేడ్‌పల్లి), ఆదివారం ఉదయం 10.20

మీరందరూ మీటర్ దగ్గరే ఉన్నారు. సంగీతం గురించి ఎవరూ మాట్లాడలేదు!

ఆ రోజుల్లో ఇలాంటి ఆటలకు డప్పులు, కొమ్ముబూరలతో పెద్ద వాద్యబృందం హోరు ఉండేది. ఆర్కేనమ్‌కు బెన్ హౌజ్ తీగల వాద్యాల చతుష్టయం కోసం రాశారు. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. అంతే. ఊరికి ఊరికీ మధ్య నడుస్తుంటే ఆ నాలుగు వాద్యాలూ ఒకరి మాట ఒకరు అందుకుంటున్నట్టు ఉంటాయి. నేను కచేరీల్లో పక్కవాద్యం వాయిస్తాను కాబట్టి చెబుతున్నాను: నలుగురు వాయిస్తున్నప్పుడు ఎవరి విల్లు ఒరిపిడి వారిదిగా చెవికి తెలుస్తుంది. పొగ, మసి నిండిన ప్రపంచానికి ఆ ఒరిపిడే సరిపోయింది. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒకసారి ఏమీ చేయకుండా టారంట్ వీధిలో నిలబడి వినండి.

ఇక ఒక ఫిర్యాదు. ఆడపాత్ర ఎంచుకుంటే మనిషి, ఎల్ఫ్, హాఫ్ ఎల్ఫ్, హాఫ్ ఆర్క్ మాత్రమే దొరుకుతాయి. డ్వార్ఫ్, నోమ్, హాఫ్లింగ్, హాఫ్ ఓగర్ జాతుల్లో ఆడపాత్రగా ఆడటానికి లేదు. నేను ఇంజనీరు డ్వార్ఫ్‌గా ఆడాలని ఎంతో ఇష్టపడ్డాను. ఇన్ని వివరాలు ఆలోచించినవాళ్లు ఇది వదిలేయడం నాకు ఇప్పటికీ బాధే.

అమీర్‌పేట్_అన్వర్, ఆదివారం ఉదయం 11.45

వాణి గారి బాధ న్యాయమైనదే. అదే జాతుల మీద ఆట ఎంత లోతుగా ఆలోచించిందో కూడా చెప్పాలి. కింద కథ గుట్టు కొంత ఉంది. మేస్త్రీ, నువ్వు ఈ ఒక్క పేరా దాటెయ్యి.

టారంట్‌లో ధనవంతులైన పొట్టి నోమ్‌ల వెనక ఎప్పుడూ భారీకాయులైన హాఫ్ ఓగర్ అంగరక్షకులు ఉంటారు. ఇంతమంది ఎక్కడి నుంచి వచ్చారని మొదట ఎవరూ అడగరు. ఆ దారం పట్టుకుని వెళ్తే ఒక దీవి, అక్కడ ఆడవాళ్ల మీద జరిగిన ఘోరం బయటపడతాయి. సాక్ష్యం చేతికి వచ్చినా న్యాయం జరగదు. ఆట దాన్ని అలాగే వదిలేస్తుంది. ఆ రాత్రి నేను కంప్యూటర్ ఆపేసి బాల్కనీలో చాలాసేపు కూర్చున్నాను. పెద్ద రాక్షసుణ్ణి చంపి లోకాన్ని కాపాడిన ఆటలు ఎన్నో మరచిపోయాను కానీ ఆ ఓటమిని మరచిపోలేదు.

గుట్టు లేని సంగతి ఒకటి: టారంట్ కర్మాగారాల్లో ఆర్క్ కూలీల బతుకు చూడు. డాన్ త్రాగ్ అనే హాఫ్ ఆర్క్‌తో మాట్లాడు, తొందరపడి కాల్చకు. ఆవిరి యంత్రం వచ్చాక ఎవరి మేడ లేచింది, ఎవరి నడుము వంగింది అన్నది ఆ పేటలోనే తెలుస్తుంది.

నిర్వాహకురాలు, ఆదివారం మధ్యాహ్నం 12.10

కథ గుట్టు రాసేటప్పుడు అన్వర్ గారిలా ముందే హెచ్చరించండి. మేస్త్రి గారు ఇంకా మొదట్లోనే ఉన్నారు.

గడియారం_గల్లీ (సికింద్రాబాద్), ఆదివారం సాయంత్రం 5.00

సాంకేతిక విషయం ఒకటి చెప్పి పోతాను. అసలు ఆట 800×600 తెరకు చేసినది. ఇప్పటి మానిటర్ మీద అక్షరాలు చెదిరినట్టు కనిపిస్తాయి. అభిమానులు చేసిన అనధికార ప్యాచ్ ఉంది. లోపాలెన్నో సరిచేస్తుంది, పెద్ద తెరకూ సరిపోతుంది. ఆట మధ్యలో కాకుండా మొదలుపెట్టే ముందే వేసుకోవాలి. పాత సేవ్‌లు కొన్నిసార్లు మొరాయిస్తాయి.

పోరాటం గురించి కూడా నిజం చెప్పాలి. అది ఈ ఆటలో బలహీనమైన భాగం. వంతుల వారీగానూ ఆడవచ్చు, ఆగకుండానూ ఆడవచ్చు. రెండూ పూర్తిగా కుదరలేదు. మాంత్రికుడు మొదటి రోజే హార్మ్ అనే మంత్రం నేర్చుకుని దాంతోనే సగం ఆట దాటేస్తాడు. తుపాకుల మేస్త్రి మాత్రం మొదట్లో గుండ్ల కోసం, సామాను కోసం చెత్తబుట్టలు వెతుక్కోవాలి. ఈ ఆట చేసిన ట్రాయికా సంస్థను 1998లో పెట్టిన ముగ్గురూ, టిమ్ కెయిన్, లియొనార్డ్ బొయార్‌స్కీ, జేసన్ ఆండర్సన్, అంతకుముందు ఫాలౌట్ అనే ఆట చేసినవాళ్లు. వాళ్ల బలం రాతలో, ఎంపికల్లో ఉంది. ఆ సంస్థ మూడే ఆటలు విడుదల చేసి 2005లో మూతపడింది. నాకు ఆ మూడూ ప్రాణమే.

చింతచెట్టు_నీడ, ఆదివారం సాయంత్రం 6.40

మేస్త్రి పడే కష్టం కూడా కావాలని పెట్టిందే అనిపిస్తుంది. మాంత్రికుడికి తెలివి తలలో ఉంటుంది. మేస్త్రికి రెండు వస్తువులు దొరికి, వాటిని కలిపే నమూనా చేతికి వస్తేనే మూడోది పుడుతుంది. సంచి బరువెక్కుతుంది. చివరికి యాంత్రిక సాలీడు చేసి పక్కన నడిపించుకున్నప్పుడు, టెస్లా తుపాకి పట్టుకున్నప్పుడు కలిగే ఆనందం మాంత్రికుడికి ఎప్పటికీ తెలియదు.

అన్నట్టు, మనవడు గారికి ఒక ప్రశ్న. మీ తాతగారు బాయిలర్‌కు బొట్టు పెట్టేవారా, లేదా?

ఆవిరిబండి_మనవడు, ఆదివారం రాత్రి 8.15

పెట్టేవారు. దసరాకు వర్క్‌షాప్ అంతా కడిగి, పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టేవారు. ఆయన స్వయంగా నిప్పు తలుపు పైన మూడు బొట్లు పెట్టేవారు. గాజు గొట్టం మీద మాత్రం పెట్టనిచ్చేవారు కాదు. ఒకసారి కొత్తగా చేరిన కుర్రాడు భక్తితో దాని మీద కుంకుమ రాస్తే, పూజ ఆపి గుడ్డ తడిపి తుడిపించారట. "అమ్మవారికి దండం ఎక్కడైనా పెట్టవచ్చు, నీళ్లు మాత్రం ఇక్కడే కనిపించాలి" అన్నారట. మీ మాటా నిజమే నీడ గారూ, మన ఇళ్లలో రెండూ కొట్టుకోలేదు. అయితే టారంట్ స్టేషన్‌లో మా తాతయ్య ఉన్నా టికెట్ ఇచ్చేవారు కాదు.

చింతచెట్టు_నీడ, ఆదివారం రాత్రి 8.31

ఇక నేను వాదించను. ఈ జవాబును దాచుకుంటున్నాను.

వయొలిన్_వాణి, ఆదివారం రాత్రి 9.05

తుడిచిన ఆ గాజు గొట్టం నా కళ్ల ముందే ఉంది. మనవడు గారూ, తాతయ్య చెప్పినవన్నీ ఎక్కడైనా రాసి పెట్టండి, దయచేసి.

కొత్త_మేస్త్రి, మూడు వారాల తర్వాత, శనివారం రాత్రి 10.50

మళ్లీ వచ్చాను. బ్లాక్ మౌంటెన్ గనులు దాటాను. అన్వర్ భాయ్ చెప్పినట్టే తుపాకితో వెళ్లాను. ఒక్క గోలెమ్‌ను మాత్రం పరీక్ష కోసం కత్తితో కొట్టి చూశాను. కత్తి పోయింది. జేనా నా దగ్గరే ఉంది. టారంట్‌లో పిల్లవాడి దగ్గర పత్రిక కొంటే అందులో నేను చేసిన పని గురించి వార్త వచ్చింది. ఆ వార్త నాలుగుసార్లు చదివాను. డాన్ త్రాగ్‌తో మాట్లాడాను, కాల్చలేదు.

మనవడు గారి జవాబు చదివాక మనసు ఆగక ఇంకో పాత్ర కూడా మొదలుపెట్టాను. ఈసారి ఎల్ఫ్, పూర్తిగా మంత్రాలే. మీటర్ బాగా మంత్రం వైపు జరిగాక నేరుగా టారంట్ స్టేషన్‌కు వెళ్లాను, కాదంటారని తెలిసే. మొదటి పాత్రతో అదే కిటికీ దగ్గర టికెట్ తీసుకున్నాను. ఈసారి కుదరదన్నారు. నాకు కోపం రాలేదు. కాసేపు ప్లాట్‌ఫారం మీదే నిలబడ్డాను. ఆ నాలుగు వాద్యాలూ వినిపిస్తూనే ఉన్నాయి.

ఇప్పుడు ఎల్ఫ్‌ల ఊరు కింటారాకు నడిచే వెళ్లాలి. పటం మీద గీత పెడితే కొండ అడ్డొచ్చి ఆగిపోతున్నాను. దారి ఎలా?

మల్కాజిగిరి_మాంత్రికుడు, శనివారం రాత్రి 11.02

మా వైపుకు స్వాగతం తమ్ముడూ! ఒకే గీత పెట్టకు. పటం మీద చిన్న చిన్న మజిలీలు పెట్టుకుంటూ కొండను చుట్టి వెళ్లు. మార్గవిద్య శాఖలో అయిదో మంత్రం నేర్చుకుంటే చూసిన ఊరికి క్షణంలో చేరతావు, రైలుతో పనే ఉండదు. అప్పటిదాకా నడక తప్పదు. బయలుదేరే ముందు సేవ్ చేసుకో, దారిలో తోడేళ్లు తగులుతాయి.